పిలిస్తే పోవాలె, పంపితే రావాలె

2025 మే 7న సాయంత్రం నాలుగింటికి మౌలాలి వైపు నుంచి సైరన్ మోగింది. మాక్ డ్రిల్ అని పొద్దుటి నుంచి టీవీల్లో చెప్తూనే ఉన్నారు. అయినా మా వీధిలో అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. అది జరిగిన నాలుగో రోజో ఐదో రోజో, ఇంటర్ పాసై మెమో కోసం కాలేజీకి వచ్చిన ఒక కుర్రాడు నా టేబుల్ దగ్గర ఆగి ఫోన్ ముందుకు పెట్టాడు. వాట్సాప్‌లో తిరుగుతున్న ఫోటో. పైన ధోనీ యూనిఫాంలో ఉన్నాడు. కింద టెరిటోరియల్ ఆర్మీ నోటిఫికేషన్, మే 12 నుంచి దరఖాస్తులు అని ఉంది.

"పార్ట్ టైమ్ అంట సార్. ఏడాదికి రెండు నెలలు పోతే చాలంట. మిగతా పది నెలలు డిగ్రీ చదువుకుంటా" అన్నాడు.

ఫోటో పెద్దది చేసి చదివాను. అది ఆఫీసర్ల నోటిఫికేషన్. డిగ్రీ ఉండాలి, వయసు 18కీ 42కీ మధ్య ఉండాలి, అప్పటికే ఏదో ఒక ఉద్యోగమో సొంత సంపాదనో ఉండాలి. దేశం మొత్తానికి 19 పోస్టులు. ఇంటర్ మెమో కోసం వచ్చిన పిల్లాడికి అందులో ఏమీ లేదు. జవాన్లకైతే విడిగా ర్యాలీలు పెడతారని, వాటికి పదో తరగతి చాలని చెప్పాను. చెప్పగానే వాడి మొహం వెలిగిపోయింది. "అయితే ర్యాలీకే పోతా సార్."

నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. ఏదో డిగ్రీ, ఏదో భవిష్యత్తు అన్నాను. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. రెండు నెలలకు పైగా ఆ తల ఊపడమే గుర్తొస్తోంది. వాడికి చెప్పాల్సింది సరిగ్గా చెప్పాలని ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే మా అక్క, ఒక పాత విద్యార్థి, చివరికి నేను కూడా ఇందులోకి వచ్చాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) మంచి ఏర్పాటు. దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంటర్ అయిన వెంటనే, చేతిలో ఏ పనీ లేకుండా అందులో చేరకూడదు. అది ఉద్యోగం ఉన్నవాళ్ళు చేయడానికి పెట్టిన సేవ. ఉద్యోగం ఉన్న మనం దాని వైపు చూడం, లేని పిల్లలు దాన్నే ఉద్యోగం అనుకుని పరిగెత్తుతున్నారు.

రెండు నెలలు అనే లెక్క

టీఏ చట్టం 1948లో వచ్చింది. 1949 అక్టోబరు 9న రాజాజీ గవర్నర్ జనరల్‌గా ఉండి దాన్ని ప్రారంభించారు. ఆలోచన చాలా సూటిగా ఉంది. వకీలు వకీలుగానే ఉంటాడు, గుమాస్తా గుమాస్తాగానే ఉంటాడు. ఏడాదిలో కొన్నాళ్ళు యూనిఫాం వేసుకుని శిక్షణ తీసుకుంటాడు. దేశానికి అవసరం పడితే వస్తాడు, తీరాక తన పనిలోకి వెళ్ళిపోతాడు. రైల్వే వాళ్ళకి, ఆయిల్ కంపెనీల వాళ్ళకి విడిగా యూనిట్లు పెట్టింది కూడా అందుకే. తమ పని తెలిసినవాళ్ళే ఆపత్కాలంలో యూనిఫాంలో అదే పని చేస్తారని. ఇప్పటికీ టీఏ వాళ్ళు ఇచ్చే ప్రకటనల్లో ఇది పూర్తికాలపు కొలువు కాదని, ఉపాధి ఉన్న పౌరుల కోసమని రాస్తారు. వాట్సాప్ ఫోటోలో ఆ లైను ఎవరూ చదవరు.

మావాడు చెప్పిన రెండు నెలలు ఏటా జరిగే శిక్షణ క్యాంపు. అది నిజమే. కానీ శిక్షణ వేరు, పిలుపు వేరు. పిలుపు వచ్చినప్పుడు దాన్ని ఎంబాడీ చేయడం అంటారు. ఎంబాడీ అయ్యాక మామూలు జవానుకి ఏ జీతమో ఇతనికీ అదే జీతం, అతనికి ఏ డ్యూటీయో ఇతనికీ అదే డ్యూటీ. అది ఆరు నెలలు ఉండొచ్చు, మూడేళ్ళు ఉండొచ్చు. 2025 మే 6న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు చూడండి. అవసరాన్ని బట్టి టీఏలో ప్రతి ఆఫీసర్నీ, ప్రతి జవాన్నీ పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇచ్చారు. 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను ఎంబాడీ చేయొచ్చన్నారు. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి దాకా అమల్లో ఉంటుంది. మావాడి మూడేళ్ళ డిగ్రీ అయ్యేది కూడా 2028లోనే.

పార్ట్ టైమ్ అంటే ప్రమాదం కూడా పార్ట్ టైమే అని ఈ పిల్లలు అనుకుంటారేమో అని నా భయం. 2022 జూన్ 17న మన సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సైన్యంలోకి నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చిందని, ఆ తర్వాత ఇంటికి పంపితే మా గతేమిటని పిల్లలు రైళ్ళు తగలబెట్టారు, కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడు ఒకడు పోయాడు. అది జరిగిన పదమూడో రోజుకి, జూన్ 29 రాత్రి తెల్లవారేలోపు, మణిపూర్‌లో తుపుల్ అనే చోట కొండచరియ విరిగి పడింది. అక్కడ కొత్త రైల్వే లైను పనులకి కాపలాగా ఉన్నది 107 టీఏ బెటాలియన్ వాళ్ళు. మొత్తం దాదాపు అరవై మంది చనిపోయారు. వాళ్ళలో దాదాపు సగం మంది టీఏ జవాన్లే. మొదటి వార్త మనకి నెలల తరబడి చర్చ అయింది. రెండోది రెండు రోజుల్లో కిందికి జారిపోయింది. సివిక్స్ చెప్పే నేను కూడా అప్పుడు దాన్ని దాటేశాను. ఈ వ్యాసం కోసం వెతుకుతుంటే మళ్ళీ కనపడింది.

అగ్నిపథ్ మీద అంత కోపం ఎందుకొచ్చింది? పాతిక శాతం మందిని ఉంచుకుని మిగతావాళ్ళని నాలుగేళ్ళకి పంపేస్తారని. అదే ప్రశ్న టీఏకి ఎవరూ వేయరు. ఆ పథకంలో చేరిన అగ్నివీర్‌కి కనీసం ఎప్పుడు బయటికి రావాలో ముందే తెలుసు, వచ్చేటప్పుడు 11.71 లక్షల సేవానిధి చేతికొస్తుంది. టీఏ జవానుకి పిలుపు ముగిసిందంటే జీతం ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పేవాళ్ళు ఉండరు. పింఛను రావాలంటే పిలుపు మీద చేసిన సర్వీసు అంతా కలిపి 15 ఏళ్ళు అవ్వాలి. వెనక వేరే పని ఉన్నవాడికి ఇవేవీ సమస్యలు కావు. అతను తన పనికి తిరిగొస్తాడు. పనే లేనివాడు ఎక్కడికి తిరిగిరావాలి?

ఇది ఊహించి రాయడం లేదు. నా దగ్గర చదివిన ఒకతను ఇంటర్ అయిన ఏడాదికే ర్యాలీకి వెళ్ళి టీఏలో చేరాడు. జమ్మూలో చేశాడు, ఈశాన్యంలో చేశాడు. ఇరవై ఏడో ఏట ఇంటికి పంపారు. డ్రైవింగ్ తప్ప ఇంకో పని తెలియదు, డిగ్రీ లేదు. అల్వాల్ అవతల ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీగా చేరాడు. రెండేళ్ళ క్రితం అటు పెళ్ళికి వెళ్తూ కారు ఆపితే రిజిస్టర్ తెచ్చి, నన్ను గుర్తుపట్టి, నిటారుగా నిలబడ్డాడు. ఏజెన్సీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. బూట్లు మాత్రం మెరుస్తున్నాయి. ఆ గేటు దగ్గర దుమ్ములో అలా మెరిసే బూట్లు ఇంకెవరికీ లేవు.

"ఎలా ఉందిరా" అంటే అన్నాడు: "పిలిస్తే పోవాలె, పంపితే రావాలె సార్. నడుమ ఎవడు నౌకరిస్తడు?"

ఫిర్యాదులా అనలేదు. సర్వీసు గురించి ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. "అక్కడున్నన్ని దినాలు మనిషిలెక్క బతికిన సార్" అని కూడా అన్నాడు. రెండు మాటలూ నిజమే కాబట్టే ఈ విషయం నాకు ఇంత కష్టంగా ఉంది.

ఆరు నెలల జీతం

2025 మే నెలలో అతనికి పిలుపు ఫోన్ వచ్చింది. వెళ్ళాడు. వెళ్ళిన వారానికి ఏజెన్సీ వాళ్ళు ఆ గేటు దగ్గర ఇంకో మనిషిని పెట్టుకున్నారు. అతని భార్య ఫోన్ చేసి అడిగింది: "ఆయన తిరిగొస్తే ఉంచుకుంటరా సార్? ఏమన్న కాయిదం ఉంటదా?"

కాగితం ఉంది. టీఏ చట్టంలోనే 7ఎ అనే సెక్షన్ ఉంది. పిలుపు మీద వెళ్ళిన మనిషి తిరిగొస్తే పాత యజమాని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి, ముందున్న దానికంటే తక్కువ షరతుల మీద కాదు. చదివి సంతోషపడ్డాను. ఇంకాస్త కిందికి చదివితే, యజమాని తీసుకోను అంటే, వివాదం పైకి వెళ్తే, దాన్ని విచారించే అధికారి పరిహారం ఇప్పించొచ్చు అని ఉంది. ఆ పరిహారం ఆరు నెలల జీతం దాటకూడదు. నెలకి పద్నాలుగు వేలు తెచ్చుకునే సెక్యూరిటీ గార్డుకి గరిష్ఠంగా ఎనభై నాలుగు వేలు. అది కూడా ఫలానా సెక్షన్ ఉందని అతనికి తెలిసి, తిరగగలిగి, యజమాని ఉద్యోగి అని ఒప్పుకుంటే. వీళ్ళ జీవితాల్లో పనులు ఎలా దొరుకుతాయో, ఎన్ని పనులకి అసలు నియామక పత్రం ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి!

బ్యాంకు ఉద్యోగికో, నాలాంటి సర్కారు లెక్చరర్‌కో ఈ సెక్షన్ బలమైన గోడ. మా ఉద్యోగాలు ఎక్కడికీ పోవు. గోడ అవసరం లేనివాళ్ళకి గోడ ఉంది, అవసరమైనవాళ్ళకి పరదా ఉంది. అందుకే మావాడికి వద్దన్నాను. ఆ రోజు నోటికి రాని కారణం ఇదే.

అక్క కొడుకు

అదే నెలలో టెక్సాస్ నుంచి మా అక్క ఫోన్. వాళ్ళు ఫ్రిస్కోలో ఉంటారు. అక్కడే పుట్టిన మేనల్లుడు హైస్కూల్ పూర్తి చేశాడు. కాలేజీలో చేరుతూనే అక్కడి పార్ట్ టైమ్ సైన్యం, టెక్సాస్ నేషనల్ గార్డ్‌లో చేరతానంటున్నాడు. వాడికి పదిహేడే కాబట్టి తల్లిదండ్రుల సంతకం కావాలి. "మనవాళ్ళెవరూ ఇట్లా చేయలేదురా. నువ్వు చెప్తే వింటాడు" అని ఫోన్ వాడికిచ్చింది.

"మామయ్యా, నెలకి ఒక వీకెండ్, ఏడాదికి రెండు వారాలు. అంతే" అన్నాడు.

నాకు మెమో కోసం వచ్చిన మా కుర్రాడు గుర్తొచ్చాడు. అదే వయసు, అదే లెక్క, అదే 'అంతే'. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలకి గార్డ్ యూనిట్లు ఏడాదికేడాది వెళ్ళాయి కదరా అని అడిగాను. తెలుసన్నాడు. నేను అనుకున్నదానికంటే ఎక్కువే చదువుకున్నాడు. మొత్తం ఎనిమిదేళ్ళ బాధ్యత మీద సంతకం పెట్టాలని, అందులో కొన్నేళ్ళు యూనిట్‌లో, మిగతావి పిలిస్తే వచ్చే జాబితాలో ఉండాలని వాడే చెప్పాడు. పది వారాల ప్రాథమిక శిక్షణ, ఆ తర్వాత ఏదో ఒక పనిలో శిక్షణ. వాడు ఎంచుకోవాలనుకుంటున్నది నెట్‌వర్కులు, కంప్యూటర్ల వైపు పని. కాలేజీ ఫీజుకి సాయం వస్తుంది. పిలుపు వస్తే ఉద్యోగం కాపాడే చట్టం 1994 నుంచి ఉంది, మొత్తం ఐదేళ్ళ వరకు గైర్హాజరైనా వర్తిస్తుంది.

అప్పుడు నాకు తేడా అర్థమైంది. అక్కడి ఏర్పాటు స్కూల్ వదిలిన పిల్లాణ్ణి లెక్కలో పెట్టుకుని చేసింది. చదువుకి డబ్బు, చేతికి ఒక పని, తిరిగొస్తే చోటు. పార్ట్ టైమ్ సైన్యం వాడి ఫుల్ టైమ్ బతుకుని తయారు చేసి పెడుతుంది. మన టీఏ అలా కాదు. ఆ ఫుల్ టైమ్ బతుకు నీకు ముందే ఉందని అనుకుని మొదలవుతుంది. టీఏది తప్పని కాదు, దాని లెక్క అది. ఇంటర్ పిల్లాడు దాంట్లోకి వెళ్తే, అక్కడ లేనిదాన్ని అక్కడ వెతుక్కుంటాడు.

ఇది విని అమెరికా గొప్ప అంటున్నానని అనుకోవద్దు. జూన్‌లో అక్క మళ్ళీ ఫోన్ చేసింది. లాస్ ఏంజెలెస్ వీధుల్లోకి నేషనల్ గార్డ్‌ని దింపిన వార్తలు చూస్తోంది. "రేపు వీణ్ణి మన వీధిలోనే నిలబెడితే? ఎదురుగా వీడి క్లాస్‌మేట్సే ఉంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు. టీఏ చట్టంలో కూడా పౌర అధికారులకి సాయంగా పిలవొచ్చని ఉంది. తుపాకీ ఎటు తిప్పాలో సంతకం పెట్టినవాడు నిర్ణయించడు. పదిహేడేళ్ళ వాడికి అది ఎంత అర్థమవుతుంది? నలభై ఏళ్ళ నాకే ఎంత అర్థమవుతోందో తెలియదు. అక్క ఇప్పటికీ సంతకం పెట్టలేదు. సెప్టెంబరులో వాడికి పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత ఆవిడ సంతకం అవసరం ఉండదు.

వాళ్ళమ్మ వచ్చింది

జూన్ 14న కుర్రాడి వాళ్ళమ్మ కాలేజీకి వచ్చింది. బ్లౌజులు కుడుతుంది, వినాయక్‌నగర్‌లో చిన్న గదిలో మిషన్. వాళ్ళాయన ఆటో నడుపుతాడు. చీర కొంగుకి రంగురంగుల దారపు పోగులు అంటుకుని ఉన్నాయి, మిషన్ మీద నుంచి లేచి నేరుగా వచ్చినట్టుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీరు వద్దన్నరంట సారూ. వాడు సక్కగ తింటలేడు."

నేను చెప్పగలిగినంత చెప్పాను. పిలుపు గురించి, జీతం ఆగడం గురించి, డిగ్రీ ఉంటే రేపు ఆఫీసర్‌కి కూడా రాయొచ్చని. అంతా విన్నది. విని అంది: "డిగ్రీ చదివినోళ్ళు డెలివరీ బ్యాగులు మోస్తలేరా సారూ? మా గల్లిలనే ముగ్గురున్నరు. నా కొడుకు మోసేదేందో ఆడనే మోస్తడు. ఇజ్జత్ అన్న ఉంటది."

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. నేను నెల రోజులుగా కడుతూ వచ్చిన వాదన అంతా డిగ్రీ అయితే ఒక పని దొరుకుతుంది అనే నమ్మకం మీద నిలబడింది. సీఈసీ చదివి, ఓ మామూలు కాలేజీలో బీకాం చేసినవాడికి ఆ పని ఎంత గట్టిది? సెక్యూరిటీ చేస్తున్న నా పాత విద్యార్థికి డిగ్రీ ఉండి ఉంటే ఏమయ్యేది? నిజంగా నాకు తెలియదు. ఆమె అడిగిన ఇజ్జత్ కూడా చిన్న విషయం కాదు. 'అక్కడున్నన్ని దినాలు మనిషిలెక్క బతికిన' అన్న మాట కూడా అదే కదా.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఒక్క కారణం వల్ల: వయసు. అగ్నివీర్‌కి పదిహేడున్నర నుంచి ఇరవైల మొదటి దాకానే. సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ ఎన్‌డీఏకి పంతొమ్మిదిన్నర దాటితే లేదు. ఆ తలుపులు మూసుకుపోతాయి. టీఏ తలుపు 42 దాకా తెరిచే ఉంటుంది. వాడికి ఇంకా ఇరవై నాలుగేళ్ళు ఉంది. ముందు మూసుకుపోయే తలుపుల దగ్గరికి వెళ్ళాలి. నిజంగా సైన్యమే కావాలంటే అగ్నివీర్ పరీక్ష రాయి, కుదిరితే ఎన్‌డీఏ రాయి. రెండూ ఫుల్ టైమ్, అందులో మోసపోయేది లేదు, అగ్నివీర్‌కి నాలుగేళ్ళని రాసిపెట్టి ఉంది. డిగ్రీలో చేరి ఎన్‌సీసీ తీసుకో. ఎన్‌సీసీలో యూనిఫాం ఉంటుంది, క్యాంపులు ఉంటాయి, ఫైరింగ్ కూడా ఉంటుంది, సైన్యంలో చేరి తీరాలన్న బాధ్యత మాత్రం ఉండదు. సి సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి ఈ బతుకు వాడికి పడుతుందో లేదో వాడికే తెలుస్తుంది. మిలిటరీకి పోకుండానే మిలిటరీ ఎలా ఉంటుందో చూసే వీలు పద్దెనిమిదేళ్ళ వాడికి ఇంకెక్కడా లేదు. ఆ తర్వాత ఒక పని చూసుకుని టీఏకి వెళ్తానంటే నేనే తీసుకెళ్తాను.

మే నెలలో సరిహద్దులో గోరంట్ల మండలం తండా కుర్రాడు ఒకడు చనిపోయాడు. అగ్నివీర్. అతన్ని తలుచుకుంటే 'అగ్నివీర్ రాయి' అని రాస్తున్న నా చెయ్యి ఆగుతుంది. ఏ దారి చూపించినా దాని చివర అది ఉండొచ్చు. దాన్ని దాచి సలహా ఇవ్వకూడదు. వాళ్ళమ్మకి కూడా దాచలేదు.

ఇంకొకటి రాయకపోతే అన్యాయం. ఇదంతా స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్న సెకండియర్ అమ్మాయి ఒకతి, "జవాన్ల ర్యాలీలో అమ్మాయిల్ని ఎందుకు తీసుకోరు సార్?" అని అడిగింది. 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పాక టీఏలోకి ఆడవాళ్ళకి దారి తెరుచుకుంది గానీ, 2025 నాటికి అది ఆఫీసర్ల వరకే వచ్చి ఆగింది. ఈసారి ఆ 19లో ఒక్కటి. ఆ పిల్ల రోజూ సఫిల్‌గూడ చెరువు చుట్టూ మావాడికంటే ముందు పరిగెత్తుతుంది. దాని ప్రశ్న దగ్గర నేను చెప్పిన ఎదురుచూడమనే సలహా కూడా పనిచేయదు. టీఏ జవాన్ల వైపు దానికి ఎదురుచూడ్డానికి అప్పటికి తలుపే లేదు.

51ఎ

వాళ్ళమ్మ వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది: "నౌకరి ఉన్నోళ్ళే పోవాలంటే, మీకు నౌకరి ఉంది గద సారూ. మీరు పోలేదేంది?"

నేను ఏటా రాజ్యాంగం 51ఎ అధికరణం బోర్డు మీద రాస్తాను. ప్రాథమిక విధుల్లో నాలుగోది: దేశాన్ని రక్షించడం, పిలుపు వచ్చినప్పుడు దేశసేవ చేయడం. రెండు మార్కుల ప్రశ్నగా వస్తుందని అండర్‌లైన్ చేయిస్తాను. నాకు నలభై. డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, అది పోదని చట్టం ఉంది. ఆ నోటిఫికేషన్ మే నెలలోనే నా చేతిలో పెట్టి చూపించారు. నేను అందులో అర్హతలన్నీ చదివి వాడికి సరిపోదని చెప్పాను. నాకు సరిపోతుందన్న సంగతి తలపుకే రాలేదు. గడువు జూన్ 10. ఆమె అడిగేసరికి నాలుగు రోజులు దాటింది.

మా సర్కిల్‌లో, అంటే లెక్చరర్లు, బ్యాంకు వాళ్ళు, హైటెక్ సిటీకి వెళ్ళేవాళ్ళు, ఒక్కరైనా టీఏ దరఖాస్తు పెట్టారా అని ఈ రెండు నెలల్లో అడిగాను. ఒక్కరూ లేరు. ధోనీ 2019లో కశ్మీర్‌లో రెండు వారాలు తన బెటాలియన్‌తో ఉన్నాడని అందరికీ తెలుసు. అతనిది గౌరవ హోదా. సచిన్ పైలట్ 2012లో కేంద్రమంత్రిగా ఉండగానే ఆఫీసర్లని ఎంపికచేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటి టీఏ ఆఫీసర్ అయ్యాడని చెప్తే మాత్రం చాలామంది ఆశ్చర్యపోయారు. "మంత్రికి టైమ్ ఎక్కడిది?" అన్నారు. సరిగ్గా ఆ ప్రశ్నకే కదా ఆ చట్టం పుట్టింది. ఖాళీగా ఉన్నవాడి కోసం దాన్ని పెట్టలేదు.

పైన 19 పోస్టులే అయితే మనమంతా వెళ్ళినా చోటెక్కడ అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రాసేవాళ్ళు పెరిగితే పోస్టులు పెరుగుతాయని నేను చెప్పలేను. కానీ ఉద్యోగస్తులు నాలుగు ఊళ్ళలో నలుగురైనా ఆ వైపు నడిస్తే, ఆ ఆరు నెలల జీతం అనే లైను ఎవరో ఒకరు గట్టిగా చదువుతారు. ఇప్పుడు దాన్ని చదవాల్సిన అవసరం ఉన్నవాళ్ళు సరిహద్దులో ఉన్నారు.

వచ్చేసారి నోటిఫికేషన్‌కి నేను రాస్తాను. సర్కారు ఉద్యోగిని కాబట్టి శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. జూలై మొదటి వారంలో ఆఫీసుకి వెళ్ళి దరఖాస్తు ఇచ్చాను. అక్కడి సీనియర్ అసిస్టెంట్ రెండుసార్లు చదివి, "నా సర్వీసులో ఇది ఎవరూ అడగలేదు సార్. సెలవుల ఫైల్లో పెట్టాలా, డిప్యుటేషన్ ఫైల్లో పెట్టాలా?" అని అడిగారు. నాకూ తెలియలేదు. చివరికి ఆయనే కొత్త అట్ట తీసి, దాని మీద 'టెరిటోరియల్ ఆర్మీ' అని రాసి, లోపల నా ఒక్క కాగితం పెట్టారు. ఇంకా జవాబు రాలేదు.

మా కుర్రాడు డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో ఎన్‌సీసీ ఉన్న కాలేజీలే పెట్టుకున్నాడు. ఒకదాంట్లో సీటు వచ్చింది. నా మాట పూర్తిగా ఒప్పుకున్నాడని కాదు. "రెండేళ్ళు చూస్త సార్, కాకుంటే ర్యాలీకి పోత" అన్నాడు. పొద్దున ఐదున్నరకి చెరువు దగ్గర 1,600 మీటర్లు పరిగెత్తుతుంటే నేను ఫోన్‌లో టైమ్ చూస్తున్నాను. మొదటి రోజు ఆరు నిమిషాల నలభై సెకన్లు, నిన్న ఆరు పది.

పోయిన శనివారం ఆ సెక్షన్ 7ఎని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి, నా పాత విద్యార్థి పనిచేసిన ఏజెన్సీకి వెళ్ళాను. మేనేజర్ చదివాడు. "ఇట్లాంటిది ఒకటుందని మాకెవరూ చెప్పలేదు సార్. వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే సరిపోదన్నాను. కాగితం అందినట్టు జిరాక్స్ మీద తేదీ వేసి సంతకం పెట్టమన్నాను. కాసేపు తటపటాయించి పెట్టాడు. దాన్ని ఫోటో తీసి ఒకటి అతని భార్యకి, ఒకటి అతనికి వాట్సాప్‌లో పంపాను. ఆమె వెంటనే చూసింది. అతనికి పంపినదాని పక్కన ఇంకా ఒక్క టిక్కే ఉంది.